మిల్లు మూతపడ్డ పేటని కాలేజీ దత్తత తీసుకుంటానంటే ఏం అడగాలి?

తమ్ముడూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివేను. మీ నాన్నగారు మన విశాఖ వైపు తగరపువలస దగ్గర చిట్టివలస జూట్ మిల్లులో స్పిన్నింగ్ డిపార్ట్‌మెంట్‌లో చేసేవారు, 2009లో లాకౌట్ పడ్డాక ఆ బతుకు మళ్ళీ గాడిన పడలేదు, ఇప్పుడు దగ్గర్లో ఉన్న ఒక కాలేజీ వాళ్ళు వచ్చి మీ పేటని దత్తత తీసుకుంటాం, మీ కమిటీ వాళ్ళు ఎంఓయూ (ఒప్పందం కాగితం) మీద సంతకం పెట్టండి అంటున్నారు, అమెరికాలో యూనివర్సిటీలు ఇలాగే పాత ఫ్యాక్టరీ పేటల్ని బాగుచేసేయని పీపీటీ కూడా వేసి చూపించేరు, నమ్మొచ్చా, నమ్మితే కాగితంలో ఏం రాయించుకోవాలి. ఇదే కదా మీరడిగింది.

నేను సోషల్ వర్క్ డిపార్ట్‌మెంట్‌లో ఫీల్డ్ వర్క్ చూసే మాస్టారిగా 22 ఏళ్ళు చేసి రిటైరయ్యేను. ఏ కాలేజీ అన్నది వద్దులెండి. మల్కాపురం, మింది, గాజువాక, కంచరపాలెం, మీ తగరపువలస దాకా పిల్లల్ని వెంటేసుకుని తిరిగిన కాళ్ళివి. మా నాన్న కూడా జూట్ మిల్లు మనిషే, మీ మిల్లు కాదు, పక్క జిల్లాలోది. అందుకని ఇది పుస్తకాల్లో చదివి చెప్తున్నది కాదు, చదివింది కూడా కొంత ఉంది, అది కూడా చెప్తాను.

ముందు ముక్క ముందే చెప్పేస్తాను. నమ్మండి. కానీ ప్రాజెక్టులు అడక్కండి. మీరు అడిగినా అడక్కపోయినా ఆ కాలేజీ రోజూ పెట్టే ఖర్చు ఒకటుంటుంది చూడండి, బియ్యం, కూరగాయలు, దుప్పట్లు ఉతకడం, ఫ్యాన్లు బాగుచేయించడం, సెక్యూరిటీ, ఆటోలు, బ్యాగులు, అందులో మీ పేటకి వాటా అడగండి. ప్రాజెక్టు సెమిస్టర్‌తో అయిపోద్ది. హాస్టల్లో అన్నం మాత్రం రోజూ ఉడుకుద్ది.

మన విశాఖలో యూనివర్సిటీకీ ఫ్యాక్టరీకీ సంబంధం కొత్తేమీ కాదు. ఆంధ్రా యూనివర్సిటీ 1926లో బెజవాడలో పెట్టి 1930లో వాల్తేరు తెచ్చేరు, పోర్టు 1933లో మొదలయ్యింది, వాల్‌చంద్ హీరాచంద్ సింధియా షిప్‌యార్డ్ 1941లో, అక్కడ కట్టిన జల ఉషని 1948లో నెహ్రూ నీళ్ళలోకి దింపేరు, తర్వాత 1957లో కాల్టెక్స్ రిఫైనరీ, 67లో కోరమాండల్ ఎరువుల ఫ్యాక్టరీ, 77లో హిందుస్తాన్ జింక్ ఫ్యాక్టరీ, ఆ తర్వాత స్టీల్ ప్లాంట్. యూనివర్సిటీ కొండమీద, ఫ్యాక్టరీలన్నీ హార్బర్‌కి అవతల. వాటికి కావల్సిన ఇంజినీర్లు, కెమిస్టులు, జియాలజీ వాళ్ళు ఇక్కడినుంచే బోల్డుమంది వెళ్ళేరు. అంటే యూనివర్సిటీకీ ఫ్యాక్టరీ ఆఫీసుకీ మధ్య దారి ఎప్పుడో పడింది. యూనివర్సిటీకీ ఫ్యాక్టరీ గేటు బయట పేటకీ మధ్యే దారి లేదు. ఫ్యాక్టరీ నడిచినన్నాళ్ళూ ఆ దారి లేదని ఎవరికీ తెలీలేదు, జీతం వస్తే కిరాణా కొట్టు నడుస్తుంది, కొట్టు నడిస్తే బడి ఫీజు కట్టేస్తారు. జింక్ 2012లో ఆగిపోయేక మింది వైపు నేను చూసిందీ, మీరు 2009 నుంచి చిట్టివలసలో చూస్తున్నదీ ఒకటే, మిల్లు కూత ఆగితే ఊళ్ళో గడియారం ఆగినట్టే. మీ మిల్లు మరీ పాతది, 1867 నాటిది. నాలుగైదు తరాలు నార సిద్ధంచేసే బ్యాచింగ్, స్పిన్నింగ్, వీవింగ్ తప్ప ఇంకో పని నేర్చుకోవాల్సిన అవసరం రాలేదు. అది వాళ్ళ తప్పు అన్నట్టు మాట్లాడేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుద్ది.

ఇప్పుడు ఆ పీపీటీ సంగతి. వాళ్ళు చూపించినవి అబద్ధాలు కావు, కానీ సగమే చూపించుంటారు.

ఫిలడెల్ఫియాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీ ఉంది, దాని చుట్టుపక్కల పేటని వెస్ట్ ఫిలడెల్ఫియా అంటారు. 1990ల్లో అక్కడ నేరాలు పెరిగి, ఇళ్ళు ఖాళీ అయిపోయి, పిల్లల్ని ఆ యూనివర్సిటీకి పంపడానికే తల్లిదండ్రులు భయపడే పరిస్థితి వచ్చింది. అప్పుడు జూడిత్ రోడిన్ అని ఆవిడ ప్రెసిడెంటు, 1994 నుంచి 2004 దాకా ఉన్నారు. ఆవిడ హయాంలో వీధి దీపాలు, శుభ్రం, షాపులు, స్టాఫ్ అక్కడే ఇళ్ళు కొనుక్కుంటే సాయం, 2001లో ఒక పబ్లిక్ స్కూలు, వీటన్నిటితో పాటు యూనివర్సిటీ కొనే సరుకుల్లో కొంత ఆ పేట వ్యాపారుల దగ్గరే కొనాలన్న పాలసీ. పేట మారింది, నిజమే. కానీ రెండు సంగతులు పీపీటీలో ఉండవు. మొదటిది, అదే యూనివర్సిటీ, పక్కనున్న సంస్థలు, సిటీ ప్రభుత్వం కలిసి 1960ల్లో పట్టణాభివృద్ధి పేరు మీద బ్లాక్ బాటమ్ అనే నల్లవాళ్ళ పేటని మొత్తం పడగొట్టించేయి, జనం ఇళ్ళు వదిలి పోయేరు. ముప్పై ఏళ్ళ తర్వాత అదే యూనివర్సిటీ మేం మీ బాగుకోసం వచ్చేమంటే పాతవాళ్ళు ఎందుకు నమ్ముతారు చెప్పండి. రెండోది, ఆ స్కూలు బాగుండడం వల్ల ఆ స్కూలు పరిధిలో ఇళ్ళ రేట్లు పెరిగిపోయి, ఎవరి కోసం స్కూలు పెట్టేరో వాళ్ళలో చాలామంది అక్కడ అద్దెకి ఉండలేకపోయేరు. ఇది గుర్తుపెట్టుకోండి, భోగాపురం ఎయిర్‌పోర్టు మీకు దగ్గర్లోనే, దీని సంగతి మళ్ళీ వస్తాను.

నాకు ఎక్కువ నచ్చేది క్లీవ్‌లాండ్ కథ, ఎందుకంటే అది ఓడిపోబోయి నిలబడింది. అక్కడ కేస్ వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీ, క్లీవ్‌లాండ్ క్లినిక్, యూనివర్సిటీ హాస్పిటల్స్ ఈ మూడూ పక్కపక్కనే, మూడూ కలిపి ఏటా దాదాపు 300 కోట్ల డాలర్ల సరుకులు, సేవలు కొనేవి, వాటి గోడ పక్కనే పేదపేటలు, ఆ డబ్బులో పేటకి వచ్చేది దాదాపు సున్నా. 2008లో అక్కడి ఫౌండేషన్ ఒకటి ముందుండి ఎవర్‌గ్రీన్ కోఆపరేటివ్స్ అని మొదలెట్టేరు. మొదటిది 2009లో ఒక లాండ్రీ. అవునండీ లాండ్రీ, చాకిరేవే అనుకోండి, ఆసుపత్రి దుప్పట్లు ఉతికేది, పనిచేసేవాళ్ళే ఓనర్లు. అందరూ చప్పట్లు కొట్టేరు, ఫొటోలు పడ్డాయి. కానీ పక్కనున్న పెద్ద ఆసుపత్రుల బట్టలు మొదట్లో అనుకున్నట్టు రాలేదు, వాళ్ళకి పాత కాంట్రాక్టులున్నాయి, పాత సప్లయర్లున్నారు. ఏళ్ళ తరబడి చిన్నాచితకా పనులతో నెట్టుకొచ్చేరు. 2018లో గానీ క్లీవ్‌లాండ్ క్లినిక్ తన లాండ్రీ పని వాళ్ళ చేతికి ఇవ్వలేదు. దాదాపు పదేళ్ళు! మన దగ్గరయితే పదేళ్ళలో ఆ ప్రిన్సిపాల్ మారి, ఆ తర్వాతాయన మారి, ఎంఓయూ ఫైలు బీరువాలో ఎలకలకి పోయుండేది.

పిట్స్‌బర్గ్‌లో హేజెల్‌వుడ్ అని ఇంకోటి, అది మీ కథకి చాలా దగ్గరగా ఉంటుంది. స్టీలు కంపెనీ కోక్ (స్టీలు తయారీకి వాడే బొగ్గు) ప్లాంటు 1998లో మూసేసేరు, 178 ఎకరాలు, 2002లో నాలుగు ఫౌండేషన్లు కలిసి కొన్నాయి. పాత మిల్లు షెడ్డు ఒకటుంటే పడగొట్టకుండా దాని ఇనప అస్థిపంజరం అలాగే ఉంచి, లోపల కొత్త బిల్డింగు కట్టి, పైన సోలార్ వేసి, 2019లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ రోబోటిక్స్ వాళ్ళని తెచ్చేరు. ఫొటో చూస్తే కళ్ళు చెదురుతాయి. ఆ ఫొటో మీ పీపీటీలో తప్పకుండా ఉండే ఉంటుంది. లెక్క చూసుకోండి, మూసింది 98, తెరిచింది 2019, ఇరవయ్యొక్కేళ్ళు. పైగా రోబోటిక్స్ ల్యాబులో ఉద్యోగం పీహెచ్‌డీ వాడికి వస్తుంది, కోక్ ప్లాంటులో చేసినాయన కొడుక్కి అక్కడ దక్కేది మహా అయితే గేటు దగ్గర కుర్చీ. జర్మనీలో బోకుమ్‌లో ఓపెల్ కార్ల ఫ్యాక్టరీ 1962లో మొదలై 2014లో మూతపడితే, ఆ స్థలంలోకి ఇప్పుడు రూర్ యూనివర్సిటీ వాళ్ళూ కొత్త కంపెనీలూ వచ్చేయి, అక్కడా ఇదే ప్రశ్న. స్థలం బాగుపడ్డమూ, స్థలంలో ఉన్న మనుషులు బాగుపడ్డమూ రెండు వేరు వేరు పనులు.

అందుకని మిల్లు స్థలం గురించి మీ మీటింగులో ఎవరైనా మాట్లాడితే వినండి, ఆశ పెట్టుకోకండి. ఆ స్థలం మీదీ కాదు, కాలేజీదీ కాదు. దాని తగువు తేలే దాకా ఆగితే మీ పిల్లలు కూడా ముసలాళ్ళయిపోతారు. గేటు బయట పని మొదలెట్టండి.

మన దగ్గర నేను చూసిన వైఫల్యాలు చెప్తాను, నావే, సిగ్గులేకుండా.

ఒక పేటలో (పేరు వద్దు) మా పిల్లలు సామాజిక ఆర్థిక సర్వేకి వెళ్ళేరు. ఇంట్లో ఎంతమంది, నెలకి ఆదాయం ఎంత, మరుగుదొడ్డి ఉందా, టీవీ ఉందా. ఒక మామ్మ లోపలికెళ్ళి పాత క్యాలెండర్ వెనకాల నుంచి ఒక జిరాక్స్ కాగితం తెచ్చిచ్చింది. "ఇదిగో నాయినా, నిరుడొచ్చిన గుంటలు ఒగ్గేసి పోయిన కాయితం, ఇందులో అన్నీ ఉన్నాయి, చూసి రాసీసుకోండి, నాకు కూరొండుకోవాలి." నిరుడొచ్చింది కూడా మా కాలేజీ వాళ్ళే, వేరే డిపార్ట్‌మెంటు. అంతకుముందు ఏడాది ఇంకో కాలేజీ. మూడేళ్ళలో మూడు సర్వేలు, ఒక్క దాని రిపోర్టూ ఆ పేటకి తిరిగి రాలేదు. ఏపీలో 2020-21 నుంచి డిగ్రీ పిల్లలందరికీ 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పెట్టేరు కదా, మంచి ఆలోచనే, కానీ చాలాచోట్ల అది ఈ మామ్మ దగ్గరికే ఇంకో నలభై మందిని పంపడంగా మిగిలింది. 180 గంటలంటే తక్కువ టైమేమీ కాదు, సరిగ్గా వాడుకుంటే బంగారం, ఎలాగో కింద చెప్తాను.

ఇంకోచోట కంప్యూటర్ సెంటర్ పెట్టేం. పది పాత కంప్యూటర్లు, బ్యానరు, రిబ్బను, పేపర్లో ఫొటో. కరెంటు బిల్లు ఎవరు కట్టాలన్నది ఎంఓయూలో లేదు. మూడో నెల నుంచి తాళం. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ ఊళ్ళో లేడు. ఏడాది తర్వాత వెళ్ళి చూస్తే అందులో పెళ్ళిళ్ళ షామియానా గుంజలు పెట్టుకున్నారు, పోన్లే దేనికో దానికి పనికొచ్చిందనుకున్నాను.

మూడోది నన్ను ఇప్పటికీ పొడుస్తుంది. ఒక డ్వాక్రా గ్రూపు ఆడవాళ్ళు పదిమంది, అందరి మగవాళ్ళూ ఒకే ఫ్యాక్టరీలో పని పోయినవాళ్ళు. నేనే వెంటపడి ఒక కాలేజీ సెమినార్లకి, వర్క్‌షాపులకి టిఫిన్లు, భోజనాలు వాళ్ళ చేత ఆర్డరిప్పించేను. వంట బ్రహ్మాండం, పెసరట్టుప్మా కోసం వేరే బ్లాకు లెక్చరర్లు కూడా వచ్చేసేవారు. రెండు నెలలు చేసేరు. బిల్లు అకౌంట్స్ సెక్షన్‌లో ఐదు నెలలు ఆగిపోయింది. జీఎస్టీ నంబరేది అన్నారు, వెండర్ కోడు లేదన్నారు, ఒకసారి బిల్లు మీద సంతకం నీలం సిరాతో కాకుండా నల్ల సిరాతో ఉందన్నారు. ఆ పదిమందీ గ్రూపు అప్పు తెచ్చి సరుకులు కొన్నారు, వడ్డీ వాళ్ళ మీదే పడింది. డబ్బు వచ్చేసరికి గ్రూపే విడిపోయింది. మోసం ఎవరూ చెయ్యలేదు. పెద్ద కేటరరుకి ఐదు నెలలు ఆగే ఓపికుంటుంది, వీళ్ళకి ఐదు రోజులు కూడా ఉండదు, అంతే తేడా. పేటని బాగుచేసే పాలసీలన్నీ వీసీ చాంబర్‌లో పుడతాయి, అకౌంట్స్ సెక్షన్‌లో చచ్చిపోతాయి.

ఇక మీరేం చెయ్యాలి. లెక్క చూద్దాం, ఊరికే ఉదాహరణకి. మీ దగ్గరున్న కాలేజీ హాస్టల్లో 2000 మంది ఉన్నారనుకోండి, ఒక్కొక్కరివి వారానికి రెండు, దుప్పటీ, గలేబు, 4000 పీసులు. పీసుకి 8 రూపాయలు వేసుకున్నా వారానికి 32,000. ఏడాదిలో 40 వారాలు హాస్టలు నడుస్తుందనుకుంటే 12 లక్షల 80 వేలు. ఆరుగురికి నెలకి పదేసి వేలిస్తే ఏడాదికి 7 లక్షల 20 వేలు, మిగతాది సబ్బు, కరెంటు, మిషన్ల వాయిదా, ఆటో. గొప్ప లాభమేం లేదు, కానీ ఆరు ఇళ్ళల్లో పొయ్యి వెలుగుద్ది, అదీ ఒక్క దుప్పట్ల మీదే. మీకు సంగివలస వైపు ఇంజినీరింగ్ కాలేజీ ఉంది, మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది, రుషికొండలో గీతం ఉంది. ఆసుపత్రి బట్టలు మాత్రం మొదట్లోనే ముట్టుకోకండి, దానికి వేడినీళ్ళ మిషన్లు, ఇన్‌ఫెక్షన్ నియమాలు వేరే, చేయి తిరిగాక చూడొచ్చు.

మీవాళ్ళకి గోనె తెలుసు కాబట్టి బ్యాగుల ఆలోచన కూడా వచ్చే ఉంటుంది. ఒక జాగ్రత్త. గోనెసంచుల వ్యాపారంలోకి దిగకండి. 1987 నాటి జూట్ ప్యాకేజింగ్ చట్టం ప్రకారం ధాన్యానికి గోనెసంచులే వాడాలి, ఆ ఆర్డర్లు ప్రభుత్వం మిల్లులకే ఇస్తుంది, అందులో పదిమంది గ్రూపుకి చోటు లేదు. జూట్ గుడ్డ కొనుక్కుని బ్యాగులు కుట్టడం వేరే పని, అది కుదురుద్ది. ప్రతి కాలేజీలో ఏడాదికి ఎన్ని సెమినార్లు, ఎన్ని కాన్ఫరెన్సులు, వచ్చిన ప్రతి మనిషికీ ఒక ఫోల్డరు, ఒక బ్యాగు. అవి ఎక్కడో కుట్టి ఇక్కడికి లారీలో వస్తున్నాయి. వాళ్ళు ఏడాది అకడమిక్ క్యాలెండర్ ముందే వేసుకుంటారు కదా, ఆ క్యాలెండర్‌ని మీ గ్రూపుకి ఏప్రిల్‌లోనే ఇమ్మనండి, ఎన్ని బ్యాగులు ఏ నెలలో కావాలో. మీవాళ్ళకి కావల్సింది దయ కాదు, ముందస్తు ఆర్డరు.

కాగితాల పని ముందే చేసుకోండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల నమోదు) ఆన్‌లైన్‌లో ఉచితం, ఎవరికీ డబ్బులివ్వొద్దు. అది ఉంటే చిన్న పరిశ్రమల కోసం పెట్టిన 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం మీకు పనికొస్తుంది, సరుకు తీసుకున్నవాడు 45 రోజుల్లోపు డబ్బు కట్టాలి, లేకపోతే వడ్డీతో కట్టాలి. చట్టం ఉంది కదాని కాలేజీ మీద కేసెయ్యమని కాదు, మాట్లాడేటప్పుడు ఆ ముక్క చేతిలో ఉంటే అకౌంట్స్ వాళ్ళు మిమ్మల్ని చూసే చూపు మారుద్ది. ఎంఓయూలో మాత్రం 45 కాదు, 15 రోజులు అని రాయించండి, ఆర్డరుతో పాటు సరుకుల అడ్వాన్సు మూడో వంతు. మాకు టెండర్ లేకుండా కొనడం కుదరదంటారు. చిన్న కొనుగోళ్ళకి కుదురుద్ది. కేంద్ర సంస్థలకి సైతం 2017 జీఎఫ్ఆర్ (ప్రభుత్వ ఖర్చుల నిబంధనలు)లో ఒక పరిమితి దాకా కొటేషన్లు అక్కర్లేకుండా కొనుక్కోవచ్చని పెట్టేరు. ప్రైవేటు కాలేజీకైతే దాని రూలు దాని మేనేజ్‌మెంటే రాసుకుంటుంది, మనసుంటే ఒక్క సర్క్యులర్ చాలు.

పిల్లల 180 గంటల సంగతి చెప్తానన్నాను. సర్వే వద్దనండి. మీ పేటలో పాత కార్మికుల కాగితాల పని చేయించండి. నేను చేసిన వాటిలో నిజంగా పనికొచ్చింది ఇదొక్కటే అని ఇప్పుడు అనిపిస్తుంది. మిల్లు రికార్డులో అప్పలరాజు అని ఉంటుంది, ఆధార్‌లో అప్పల రాజు, బ్యాంకులో ఎ. రాజు, పుట్టినతేదీ మూడుచోట్లా మూడు రకాలు, ఎందుకంటే ఆ రోజుల్లో మేస్త్రి చెప్పిందే తేదీ. ఆ స్పేసు ఒక్కటి వల్ల పీఎఫ్ ఆగిపోయిన మనిషిని నేను చూసేను, జాయింట్ డిక్లరేషన్ (రికార్డులో తప్పు దిద్దమని యజమానితో కలిసి ఇచ్చే కాగితం) అన్న మాట కూడా ఆయనకి ఎవరూ చెప్పలేదు. పింఛను వచ్చేవాళ్ళు ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి, వేలిముద్రలు పడవు, జీవితమంతా నారతో అరిగిపోయిన వేళ్ళు ఎలా పడతాయి, ఇప్పుడు ఫోన్‌లో ముఖం చూపించి కూడా చెయ్యొచ్చు, అది చేసిపెట్టే కుర్రాడు కావాలి. ఈపీఎస్ (పీఎఫ్ ఆఫీసు ఇచ్చే పింఛను పథకం) కనీస పింఛను 2014 నుంచి వెయ్యి రూపాయలే, దానికోసం మనిషి ఎన్నిసార్లు తిరుగుతాడో చూస్తే ఏడుపొస్తుంది. గ్రాట్యుటీ సంగతి కూడా అంతే, అప్పటి 1972 చట్టం ప్రకారం ఐదేళ్ళు దాటినవాళ్ళకి ఏడాదికి 15 రోజుల జీతం లెక్కన రావాలి, బదిలీ వర్కర్లుగా (రానివాళ్ళ బదులు పనికి వెళ్ళేవాళ్ళుగా) చేసినవాళ్ళ సర్వీసు లెక్క తేల్చడానికి చట్టం చదివినవాళ్ళు కావాలి. సబ్బవరంలో దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ ఉంది, లా కాలేజీలకి లీగల్ ఎయిడ్ క్లినిక్‌లు ఉండాలి, కాబట్టి మీ ఎంఓయూ ఒక్క ఇంజినీరింగ్ కాలేజీతోనే ఎందుకు, వాళ్ళని కూడా కూర్చోబెట్టండి. నలభైమంది పిల్లలు తలా పదిమంది ముసలాళ్ళ కాగితాలు చూస్తే 400 ఫైళ్ళు. పిల్లలకి కూడా ప్రభుత్వం అంటే ఏటో అప్పుడే అర్థమవుద్ది, క్లాసులో మేం చెప్పింది కాదు.

కాలేజీ ల్యాబుల్లో మట్టి, నీళ్ళ పరీక్షలు కూడా అడగొచ్చు, కానీ మీకు అది రెండోది. మింది లాంటి చోట అదే మొదటిది. జింక్ కరిగించిన చోట మట్టిలో, బావి నీళ్ళలో సీసం, కాడ్మియం ఉన్నాయా అన్నది కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్ చూసి చెప్పాలి, ఫలితం తెలుగులో రాసి గోడమీద అతికించాలి, జర్నల్‌లో ఎప్పుడేసుకున్నా వాళ్ళిష్టం. మీకు గోస్తనీ నది ఉంది, బోర్లలో ఉప్పునీరు వస్తోందో లేదో ఏడాదికి రెండుసార్లు చూడమనండి చాలు.

ఉన్నత్ భారత్ అభియాన్ (కాలేజీలు ఊళ్ళని దత్తత తీసుకునే కేంద్ర పథకం) కింద చేస్తామని వాళ్ళంటే ఒకటి అడగండి. అది పల్లెల కోసం పెట్టింది. మీరు ఇప్పుడు జీవీఎంసీ (విశాఖ కార్పొరేషన్) వార్డు. పల్లె కాదు, సరిగ్గా సిటీ కూడా కాదు, మూతపడ్డ ఫ్యాక్టరీ పేటలన్నిటికీ ఇదే తంటా, ఏ స్కీము గడిలోనూ పట్టవు. కాబట్టి స్కీము డబ్బు మీద ఆధారపడిన ఎంఓయూ వద్దు, స్కీము పోతే మీరూ పోతారు. దగ్గర్లో కంపెనీల సీఎస్ఆర్ (సమాజసేవకి పెట్టే డబ్బు) తెస్తామన్నా అదే మాట, వస్తే మంచిదే, దాన్ని నమ్ముకుని మనుషుల్ని పెట్టుకోకండి.

అద్దెల సంగతి. మీ పేటలో ఎంతమందికి ఇంటి పట్టా ఉంది, ఎంతమంది మిల్లు క్వార్టర్స్‌లో ఏ కాగితమూ లేకుండా ఉంటున్నారు, ఎంతమంది అద్దెకి, ఈ లెక్క ఎంఓయూకంటే ముందు మీరే తీయండి, బయటివాళ్ళకి ఇవ్వకండి. ఎయిర్‌పోర్టు వల్ల తగరపువలస చుట్టూ భూముల రేట్లు ఎలాగూ పైకి పోతున్నాయి, దానికి తోడు కాలేజీ వచ్చి ఇది బాగుపడుతున్న ఏరియా అని పేరు పడితే మొదట లాభపడేది బ్రోకరు. పిల్లలకి పీజీ హాస్టళ్ళు కడతామని అద్దె ఇళ్ళవాళ్ళని ఖాళీ చేయిస్తారు, నేను రుషికొండ, ఎండాడ వైపు చూసేను ఇది. కాలేజీ దీన్ని ఆపలేదు గానీ ఒకటి చెయ్యొచ్చు, బయట గదుల్లో ఉండే పిల్లల్ని మీ పేటలో సొంతిల్లున్న పాత కార్మికుల ఇళ్ళల్లో పై పోర్షన్‌కి పంపొచ్చు, వాళ్ళ దగ్గర ఒక లిస్టు పెట్టుకుని. అద్దె డబ్బు మీ ఇంటికే వస్తుంది, బిల్డర్‌కి కాదు.

ఇంకా చిన్నవి. ఎంఓయూ ఒక ఏడాది కాదు, ఐదేళ్ళు అడగండి, మూడుకి తగ్గితే వద్దు. అటువైపు సంతకం ప్రిన్సిపాల్‌తో పాటు మేనేజ్‌మెంటుది కూడా ఉండాలి, ప్రిన్సిపాల్ మారతాడు. మీ పేటలోనే వారానికి రెండు రోజులు కూర్చునే ఒక మనిషి, జీతం కాలేజీది, కుర్చీ మీ కమిటీ ఆఫీసులో. సర్వే చేస్తే రిపోర్టు తెలుగులో నెలలోపు మీకివ్వాలి, లేకపోతే తర్వాత బ్యాచ్‌కి ప్రవేశం లేదు, ఇది కొంచెం గట్టిగానే రాయించండి, నవ్వుతారు, నవ్వనివ్వండి. వాళ్ళ గేటు ఉద్యోగాల్లో, గార్డెన్‌లో, మెస్‌లో ఖాళీ వస్తే నోటీసు మొదట మీ కమిటీ బోర్డు మీద పడాలి. మీ కమిటీలో ఆడవాళ్ళు ఎంతమంది అన్నది మీరు రాయలేదు, మగవాళ్ళే ఉంటే వెంటనే మార్చండి, మిల్లు పోయేక ఇల్లు నడిపిందెవరో మీకు తెలుసు కదా.

మీ నాన్నగారి సర్వీసు కాగితాలు ఏమున్నాయో చూసి పెట్టండి, పీఎఫ్ స్లిప్పులు, పాత ఐడీ కార్డు, ఈఎస్ఐ కార్డు, ఏదైనా సరే. ఎంఓయూ డ్రాఫ్ట్ చేతికి వచ్చేక పేమెంట్ గురించి రాసిన పేరా ఒక్కటి ఇక్కడ పెట్టండి, పేర్లు తీసేసి, నేను చూసి చెప్తాను. మొదటి మీటింగుకి కాలేజీ నుంచి ఎవరొస్తున్నారో ముందే అడగండి. డీన్, ఎన్ఎస్ఎస్ మాస్టారు, ఫొటోగ్రాఫర్ ఈ ముగ్గురే అయితే టీ ఇచ్చి మర్యాదగా పంపించేయండి, అకౌంట్స్ ఆఫీసరు కూడా వచ్చిన రోజున సంతకాల సంగతి మాట్లాడుకోవచ్చు.